అరిగిన ఫైరింగ్ పిన్, అటక మీది రైఫిల్: రిపేరు సంగతి, చట్టం సంగతి

దాదాల కాలం నాటి తుపాకీ ఒకటి అటక మీదో, పాత సందూకులోనో పడి ఉన్న ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. సంస్థానంలో నౌకరీ చేసిన కుటుంబాలు, జాగీర్లు ఉన్న కుటుంబాలు, షికారు పిచ్చి ఉన్న పెద్దమనుషుల కుటుంబాలు. ఆ తుపాకీ గురించి అడిగితే ఎక్కువగా వినిపించే మాట ఒక్కటే: "దాని పిన్ ఎప్పుడో అరిగిపోయింది, పేలదు. ఇప్పుడది షో పీసు, అంతే."

పేలదు అన్నమాట నిజం కావచ్చు. షో పీసు అన్నమాటని మాత్రం చట్టం ఒప్పుకోదు. పిన్ అరిగిన తుపాకీ అంటే రిపేరుకొచ్చిన తుపాకీ. చట్టం దృష్టిలో రిపేరుకొచ్చిన తుపాకీ కూడా తుపాకీయే. ఈ ఒక్క ముక్క తెలియక ఇబ్బందుల్లో పడే ప్రమాదం ఉంది కాబట్టి, అసలు ఈ పిన్ ఏంటి, ఎందుకు అరుగుతుంది, దాన్ని ఎలా బాగుచేస్తారు, ఎవరు చేయొచ్చు, ఎవరు చేయకూడదు అన్నది వరసగా చూద్దాం.

పిన్ చేసే పని

తూటా అడుగున, సరిగ్గా మధ్యలో, చిన్న బిళ్ల ఒకటి కనిపిస్తుంది. దాన్ని ప్రైమర్ అంటారు. లోపల దెబ్బ తగిలితే చాలు అంటుకునే మందు కొద్దిగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తుపాకీ లోపలి నుంచి ఉక్కు పుల్ల ఒకటి ముందుకు దూసుకొచ్చి ఆ బిళ్లని గుద్దుతుంది. అక్కడ పుట్టిన నిప్పు లోపలి బారుదుకు అంటుకుంటుంది, గుండు బయటికి వెళ్తుంది. ఆ ఉక్కు పుల్లే ఫైరింగ్ పిన్. కొన్ని తుపాకుల్లో దీన్నే స్ట్రైకర్ అంటారు. సన్నని సూది లాంటి వస్తువు, కానీ అది లేకపోతే అంత పెద్ద రైఫిలూ ఇనుప కడ్డీతో సమానం.

సింగిల్ షాట్ అంటే ఒక్కసారికి ఒక్క తూటా. పెట్టాలి, పేల్చాలి, ఖాళీ గొట్టం తీసేయాలి, మళ్లీ పెట్టాలి. మ్యాగజైన్ ఉండదు. 19వ శతాబ్దం రెండో సగంలో చాలాకాలం సైన్యాలు ఎక్కువగా ఈ రకం రైఫిళ్లతోనే నడిచాయి.

అంతకుముందు ఉన్నవి మన పెద్దలు టోపీదార్ బందూఖ్ అనేవి. 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ అలాంటిదే. గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరి, వెనక ఒక చిన్న రాగి టోపీ తొడిగి, దాని మీద సుత్తి పడేలా చేసేవాళ్లు. 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ వచ్చింది ఈ ఎన్‌ఫీల్డ్ విషయంలోనే. టోపీదార్ బందూఖ్‌లో ఫైరింగ్ పిన్ ఉండదు, టోపీ కూర్చునే నిపుల్ మాత్రమే ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో ఉన్నది అదైతే ఇక్కడ రిపేరు గురించి చెప్పేది దానికి వర్తించదు. చట్టం గురించి చెప్పేది మాత్రం చదవండి.

1866లో బ్రిటిష్ సైన్యం అవే ఎన్‌ఫీల్డ్‌ల వెనక భాగం కోసి, పక్కకి తెరుచుకునే దిమ్మ ఒకటి బిగించింది. జేకబ్ స్నైడర్ అనే అమెరికన్ ఆలోచన అది, అందుకే స్నైడర్ రైఫిల్ అంటారు. పాత సుత్తి అలాగే ఉంచారు. సుత్తి పడేది దిమ్మలో ఏటవాలుగా అమర్చిన పిన్ మీద. బ్రిటిష్ సైన్యపు మామూలు రైఫిళ్లలో చూస్తే ఇక్కడి నుంచే పిన్ కథ మొదలైనట్టు.

1871లో మార్టినీ-హెన్రీ వచ్చింది. దీని వెనక ముగ్గురి పేర్లు చెప్పుకోవాలి. కిందికి వంగే దిమ్మ ఆలోచన అమెరికాకు చెందిన హెన్రీ పీబడీది, 1862లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన తుపాకీకి బయట సుత్తి ఉండేది. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ ఫాన్ మార్టినీ ఆ సుత్తి తీసేసి దిమ్మ లోపలే స్ప్రింగుతో నడిచే స్ట్రైకర్ పెట్టాడు. గొట్టం లోపలి గాళ్ల డిజైను ఎడిన్‌బరోకి చెందిన అలెగ్జాండర్ హెన్రీది. పీబడీ పేరు మాత్రం తుపాకీ మీద ఎక్కలేదు, పాపం.

ఇందులో మన దేశానికి సంబంధించిన విషయం ఒకటుంది. 1857 తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం సిపాయిల చేతికి కావాలనే ఒక తరం వెనకబడిన తుపాకులు ఇచ్చేది. తెల్ల సైనికుల దగ్గర మార్టినీ ఉంటే మన సిపాయిల దగ్గర స్నైడర్. వాళ్లు లీ-మెట్‌ఫోర్డ్‌కు మారాక గానీ మనవాళ్లకు మార్టినీ దొరకలేదు. ఈ ఉపఖండంలో స్నైడర్లు, మార్టినీలు ఇన్నేళ్లు నిలిచిపోవడానికి అదొక కారణం.

మార్టినీ లోపల

అరిగిన పిన్ గురించి మాట్లాడటానికి మార్టినీ మంచి ఉదాహరణ. లోపల భాగాలు తక్కువ, ఒక్కొక్కటీ ఏం చేస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది.

ట్రిగ్గర్ వెనక పొడుగాటి లివర్ ఉంటుంది. దాన్ని కిందికి లాగితే వెనక కీలు మీద తిరిగే ఉక్కు దిమ్మ ముందు భాగం కిందికి వంగుతుంది. ఖాళీ తూటా గొట్టం బయటికి ఎగురుతుంది. అదే కదలికలో లోపలి ముక్క ఒకటి స్ట్రైకర్‌ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. కొత్త తూటా పెట్టి లివర్ పైకి మూస్తే దిమ్మ లేచి తూటా వెనక గోడలా నిలబడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు విప్పుకుని స్ట్రైకర్‌ని ముందుకు తోస్తుంది, దాని కొన దిమ్మ ముఖంలో ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికొచ్చి ప్రైమర్‌ని కొడుతుంది. కుడి పక్కన కన్నీటి చుక్క ఆకారంలో ఒక ముల్లు ఉంటుంది. లోపల స్ట్రైకర్ ఎక్కి ఉందా, దిగి ఉందా అన్నది ఆ ముల్లు ఎటు వాలి ఉందో చూసి చెప్పొచ్చు.

అంటే పిన్, స్ప్రింగు, పిన్‌ని పట్టి లాగే గాడి, బయటికొచ్చే రంధ్రం, ఈ నాలుగూ ఒక జట్టు. పిన్ అరిగింది అని మనం అనేది చాలాసార్లు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి, లేదా రెండు మూడు కలిసి.

ఎందుకు అరుగుతుంది

కొట్టీ కొట్టీ అరుగుతుంది అనుకుంటాం. అదీ ఒక కారణమే, కానీ అసలు శత్రువు తుప్పు. ఆ రోజుల్లో ప్రైమర్‌లో పాదరసం కలిసిన మందు, పొటాషియం క్లోరేట్ వాడేవాళ్లు. పేలాక మిగిలే బూడిదలో ఉప్పు ఉంటుంది. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది. నల్ల బారుదు మసి కూడా అలాంటిదే. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే వారంలో ఎర్రబడుతుంది. పిన్ కొన ఈ మసికి ఎదురుగా ఉండే మొదటి భాగం. కాబట్టి ముందు అక్కడే గుంటలు పడతాయి.

రెండో కారణం ప్రైమర్ చిల్లుపడటం. పిన్ కొన మరీ మొనదేలి ఉన్నా, మరీ పొడుగ్గా బయటికొచ్చినా బిళ్లకి చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి వేడి గ్యాసు వెనక్కి చిమ్ముతుంది. అది పిన్ కొననీ, రంధ్రం అంచునీ కొరికేస్తుంది, వెల్డింగ్ మంట తగిలినట్టు. రంధ్రం కొంచెం పెద్దదయ్యాక తర్వాతి తూటాకి ప్రైమర్ లోహం ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది. అప్పుడు దిమ్మ కిందికి దిగడానికి మొరాయిస్తుంది, లివర్ బిగుసుకుపోతుంది. లివర్ కదలకపోతే మనవాళ్లు చేసేది ఏంటి? సుత్తి తీసుకుని కొడతారు. అక్కడితో లోపలి గాడి కూడా పోతుంది.

మూడోది ఇళ్లలో జరిగేది. తూటా లేకుండా టిక్కు టిక్కుమని ట్రిగ్గర్ నొక్కడం. పండక్కి వచ్చిన చుట్టాలు, పిల్లలు, అందరూ ఒక్కసారి నొక్కి చూస్తారు. ప్రైమర్ లేనప్పుడు పిన్ వేగాన్ని ఆపేది ఏదీ ఉండదు, ఆ దెబ్బంతా పిన్ భుజం మీద, దాన్ని ఆపే నట్టు మీద పడుతుంది. వందేళ్లు దాటిన ఉక్కు అలసిపోయి ఉంటుంది, ఒకరోజు టప్పున విరుగుతుంది. .22 తూటా వాడే చిన్న మార్టినీ రైఫిళ్లలో ఇంకో నష్టం ఉంది. ఆ తూటాకి మందు అంచులో ఉంటుంది, పిన్ అంచునే కొడుతుంది. ఖాళీగా నొక్కితే పిన్ వెళ్లి గొట్టం అంచు మీదే పడి అక్కడ గుంట చేస్తుంది. పిన్ మార్చినా ఆ గుంట పోదు.

స్ప్రింగు కూడా ముసలిదవుతుంది. ఏళ్ల తరబడి లివర్ మూసి, ఎక్కించి వదిలేస్తే స్ప్రింగు బలం తగ్గిపోతుంది. దెబ్బ మెత్తగా పడుతుంది, తూటా పేలదు. చూసేవాడు "పిన్ అరిగింది" అంటాడు. నిజానికి పిన్ బాగానే ఉంటుంది.

పనివాడు ఎలా కనిపెడతాడు

మంచి గన్‌స్మిత్ ముందు పిన్ని ముట్టుకోడు. ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూస్తాడు. నవ్వొచ్చే మాట కాదు ఇది. దశాబ్దాల పాటు మూలన పడి ఉన్న తుపాకీ లోపల తూటా ఉండిపోవచ్చు. అటక మీద నుంచి దించేవాళ్లు కూడా గొట్టం మూతి మనుషుల వైపు తిప్పకుండా, ట్రిగ్గర్ దగ్గర వేలు పెట్టకుండా దించాలి. లివర్ తుప్పు పట్టి కదలకపోతే బలవంతం చేయొద్దు. లోపల తూటా ఉందో లేదో తెలియని తుపాకీ మీద సుత్తి ఆడించడం అంటే ప్రాణంతో ఆటే.

తర్వాత పిన్ కొన ఆకారం చూస్తాడు. బాగున్న కొన అర్ధగోళంలా నున్నగా ఉంటుంది. అరిగిన కొన చదునుగానో, పుట్టగొడుగులా పక్కలకి పరుచుకునో, ఒక పక్క కొరికేసినట్టో ఉంటుంది. ఆ తర్వాత కొలత. దిమ్మ ముఖం నుంచి పిన్ ఎంత బయటికి వస్తుందో గేజ్‌తో చూస్తారు. మధ్యలో కొట్టే రకం రైఫిళ్లలో సాధారణంగా ఇది ఒక మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు మధ్య ఉంటుంది. తక్కువైతే పేలదు. ఎక్కువైతే ప్రైమర్ చిల్లు పడుతుంది. అర మిల్లీమీటరు తేడాలో వ్యవహారమంతా ఉంది కాబట్టే ఇంట్లో ఆకురాయితో రుద్దే పని కాదు ఇది.

పాత పేలిన గొట్టాలు దొరికితే అవి మంచి సాక్ష్యం. ప్రైమర్ మీద పడిన గుంట లోతుగా, గుండ్రంగా, మధ్యలో ఉంటే సరే. లోతు లేకపోతే స్ప్రింగో, పొడుగో తక్కువ. పక్కకి ఉంటే దిమ్మ పూర్తిగా లేవట్లేదు, కీలు అరిగింది. గుంట చుట్టూ గట్టులా ఉబ్బి ఉంటే రంధ్రం పెద్దదయింది.

రిపేరు

దారులు మూడు. మొదటిది, అదే మోడల్‌కి చెందిన అసలు పాత పిన్ సంపాదించి వేయడం. అన్నిటికన్నా మంచిది. కానీ అప్పటి భాగాలు చేతితో సరిచూసి బిగించినవి, ఒక రైఫిల్ పిన్ ఇంకో రైఫిల్‌లో నేరుగా కూర్చుంటుందన్న నమ్మకం లేదు. నేపాల్ రాజుల పాత ఆయుధాగారం నుంచి వేల కొద్దీ మార్టినీ రకం రైఫిళ్లు అమెరికా కలెక్టర్ల మార్కెట్‌కి చేరాక అక్కడ పాత భాగాల కొరత కొంత తీరింది. మనకి ఆ సౌకర్యం లేదు. పార్శిల్‌లో తెప్పిద్దాం అనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. భారత చట్టంలో ఆయుధం అన్న మాటలోనే ఆయుధ భాగాలు కూడా ఉన్నాయి. అనుమతి లేకుండా తుపాకీ భాగం దిగుమతి చేసుకోవడం నేరం.

రెండోది, పాత పిన్ కొన వరకు కోసి కొత్త ఉక్కు కొన అమర్చడం. అసలు భాగంలో ఎక్కువ మిగులుతుంది కాబట్టి కలెక్టర్లకి ఇష్టం. అతుకు మీదే దెబ్బ పడుతుంది కాబట్టి పనివాడి చేయి మంచిదవ్వాలి.

మూడోది, పూర్తిగా కొత్త పిన్ లేత్ మీద తీయడం. ఇక్కడ అసలు విద్య ఆకారంలో లేదు, ఉక్కుకి ఇచ్చే గట్టిదనంలో ఉంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గాజులా గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే మొదటి దెబ్బల్లోనే విరుగుతుంది. మళ్లీ తగ్గు వేడి మీద కాచి ఆ పెళుసుదనం తీయాలి. ఎక్కువ కాస్తే మెత్తబడి పుట్టగొడుగులా పరుచుకుంటుంది. ఉక్కు మీద గడ్డి రంగు, ఊదా, నీలం వరసగా వస్తుంటే చూసి ఆపడం పాత కాలం పద్ధతి. కత్తులు చేసే కమ్మరులకీ ఈ రంగుల భాష తెలుసు.

దిమ్మలో రంధ్రం పెద్దదైపోయి ఉంటే పిన్ ఒక్కటి మార్చి లాభం లేదు. రంధ్రం చుట్టూ తొలిచి ఉక్కు బుష్ బిగించి, అందులో సరైన కొలతకి కొత్త రంధ్రం వేస్తారు. స్ప్రింగు కూడా అప్పుడే మార్చాలి. చివరగా మూసిన దిమ్మకీ తూటా అడుగుకీ మధ్య ఎంత సందు ఉందో చూస్తారు. సందు ఎక్కువైతే పిన్ ఎంత కొత్తదైనా ప్రమాదమే, తూటా గొట్టం పగిలి గ్యాసు కాల్చేవాడి మొహం మీదకి వస్తుంది.

తీసేసిన పాత పిన్ని పారేయకండి. ఒక కవర్లో పెట్టి, చీటీ రాసి, తుపాకీతోనే ఉంచమని చెప్పండి. పాత వస్తువు విలువ తెలిసినవాళ్లు ముందు అడిగేది అదే.

ఇక్కడ ఒక తమాషా సంగతి. పిన్ ఆకారంతో దొంగతనాన్ని అడ్డుకున్న తుపాకీ ఒకటుంది. ఈజిప్టు పోలీసుల కోసం గ్రీనర్ కంపెనీ మార్టినీ పద్ధతిలో చేసిన గన్‌లో పిన్ త్రిశూలంలా మూడు మొనలతో ఉండేది. అడుగున గాడి ఉన్న ప్రత్యేకమైన తూటా పెడితేనే మధ్య మొన ప్రైమర్‌ని చేరుతుంది. బయట దొరికే తూటా పెడితే పక్క మొనలు ముందే ఆగిపోతాయి. అలాంటి పిన్ని చూసి ఎవడో పాడుచేశాడనుకుని మామూలు పిన్ వేస్తే ఆ తుపాకీ చరిత్రే పోయినట్టు.

రిపేరు చేయకూడనివి

మార్టినీ అని ఇళ్లలో చెప్పుకునేవన్నీ మార్టినీలు కావు. అప్పట్లో వాయవ్య సరిహద్దులోని పఠాన్ ఊళ్లలో చేతిపనివాళ్లు వీటికి నకళ్లు తయారు చేశారు. పని చూస్తే ముచ్చటేస్తుంది, కానీ వాడిన ఇనుము ఎక్కడిదో ఎవరికీ తెలియదు. గుర్తుపట్టడానికి మేలైన చోటు కుడి పక్కన ఉండే ముద్ర. కిరీటం వంకరగా ఉండటం, ఇంగ్లిష్ అక్షరాలు తిరగబడి ఉండటం, ఎన్‌ఫీల్డ్ స్పెల్లింగ్ తప్పు ఉండటం, విక్టోరియా రాణి ముద్ర కింద ఆమె చనిపోయిన 1901 తర్వాతి సంవత్సరం ఉండటం. ఇలాంటివి కనిపిస్తే దాన్ని కాల్చే స్థితికి తేవాలన్న ఆలోచనే వద్దు.

అసలు మార్టినీ అయినా అది .577/450 తూటాకి, నల్ల బారుదుకి చేసింది. 85 గ్రెయిన్ల నల్ల బారుదు, 480 గ్రెయిన్ల సీసం గుండు. పొగరాని కొత్త మందు ఒత్తిడి వేరు. నూట నలభై ఏళ్ల ఉక్కుని దాని ముందు నిలబెట్టడం తెలివైన పని కాదు.

నా మాట అడిగితే, ఈ తుపాకుల్లో చాలావాటికి పిన్ రిపేరు అవసరమే లేదు. కాల్చే ఉద్దేశం లేనప్పుడు అరిగిన పిన్ని అరిగినట్టే ఉంచడం మంచిది. మ్యూజియంవాళ్లు కూడా తుప్పు ఆపుతారు, నూనె రాస్తారు, వీలైనంత తక్కువ మారుస్తారు. హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీకి వెళ్లినవాళ్లకి తెలుసు, ఆ వస్తువుల్ని చూడటానికి అవి పేలాల్సిన పని లేదు.

ఇప్పుడు చట్టం

ఆయుధాల చట్టం 1959లో 45వ సెక్షన్ కొన్నిటికి మినహాయింపు ఇస్తుంది. అందులో పాత కాలపు నమూనా ఆయుధాలు, పురాతన విలువ ఉన్నవి, పాడైపోయినవి ఉన్నాయి. చాలామంది ఇంతవరకే చదివి ఊపిరి పీల్చుకుంటారు. కానీ అక్కడే ఒక షరతు ఉంది. రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకీగా వాడటానికి పనికిరానిదై ఉండాలి.

ఆ షరతుని మన పిన్‌కి పెట్టి చూడండి. పిన్ అరిగిన రైఫిల్ ఇవాళ పేలదు. కానీ పిన్ మారిస్తే పేలుతుంది. అంటే రిపేరుతో పనికొస్తుంది. కాబట్టి మినహాయింపు దానికి వర్తించదు. పిన్ తీసి వేరే చోట దాచినా అంతే. ఇంకా చెప్పాలంటే, విడిభాగాలకి ఉన్న చిన్న మినహాయింపు కూడా మిగతా భాగాలు మన దగ్గరో ఇంకొకరి దగ్గరో ఉండి, వాటితో కలిపి వాడే ఉద్దేశం ఉంటే పనిచేయదు. గొట్టం పూర్తిగా మూసేసి, దిమ్మ వెల్డింగ్ చేసి, ఎన్నటికీ బాగుచేయలేని స్థితిలో ఉన్నదాని సంగతి వేరు. అది కూడా మనం చెప్పుకుంటే చాలదు, అధికారులు పరీక్షించి ఒప్పుకోవాలి. అలాగని మనమే తీసుకెళ్లి వీధి చివర వెల్డింగ్ షాపులో మూయించడం సొంత తెలివి. లైసెన్స్ లేని తుపాకీని లైసెన్స్ లేనివాడి చేతికి ఇచ్చినట్టవుతుంది.

లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. రిపేరు విషయం ఇంకా గట్టిది. 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీ, అమ్మకం, మార్పులు, రిపేరు, పరీక్ష ఇవన్నీ లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి. లేకుండా చేస్తే కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. లేత్ షాపు నడిపే మన కుర్రాళ్లు ఈ అంకె బాగా గుర్తుపెట్టుకోవాలి. "చాచా, చిన్న పుల్ల తీసి పెట్టు" అని ఎవరైనా వస్తే అది చిన్న పుల్ల కాదు. తెచ్చినవాడికీ తిప్పలే, చేసినవాడికి ఇంకా పెద్ద తిప్పలు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. అదే పాత తుపాకీ మన ఇంట్లో దొరికితే మరుసటి రోజు వార్త ఏ రంగుతో వస్తుందో మనకి తెలుసు. దాదా గారి జ్ఞాపకం అని చెప్పే అవకాశం దొరికేలోపు చాలా జరిగిపోతుంది. అందుకే కాగితాలు ముందే సరిగ్గా ఉండాలి.

పెద్దాయన పేరు మీద లైసెన్స్ ఉంటే దారి ఉంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్స్‌దారు చనిపోయాక వారసులు తమ పేరు మీద లైసెన్స్ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన బతికుండగానే, వయసు 70 దాటితే గానీ, ఆ తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉంటే గానీ వారసుడికి మార్చుకునే వీలుంది. హైదరాబాద్‌లో దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కి, జిల్లాల్లో కలెక్టర్‌కి. మిగతా వారసులకి అభ్యంతరం లేదన్న కాగితం అడుగుతారు, అన్నదమ్ముల మధ్య మాటలు లేని ఇళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులే అన్న పరిమితి వారసత్వంగా వచ్చినవాటికీ వర్తిస్తుంది. లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయాలి. దాని మీద యూఐఎన్ నంబరు ఉందో లేదో చూసుకోండి, ఆ నంబరు లేని పాత లైసెన్స్ చెల్లదు.

కాగితాలే లేని తుపాకీ బయటపడితే 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. గోనెసంచిలో చుట్టి ఆటోలో పట్టుకెళ్లొద్దు. ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, దొరికిన చోటే ఉంచి ఫొటో తీసి, రాతపూర్వకంగా స్టేషన్‌కి సమాచారం ఇచ్చి, వాళ్లు చెప్పినట్టు చేయడం క్షేమం.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఫోన్‌లో ఇచ్చే సలహాలతో జాగ్రత్త. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898, అంతకు ముందు చేసిన తుపాకీని యాంటిక్‌గా లెక్కేస్తారు. బ్రిటన్‌లో .577/450 వాడుకలో లేని తూటాల జాబితాలో ఉంది, అలంకారానికి ఉంచుకుంటే సర్టిఫికెట్ అక్కర్లేదు. అక్కడి వీడియోలో ఒకాయన గ్యారేజీలో మార్టినీ పిన్ మారుస్తూ హాయిగా మాట్లాడుతుంటాడు. ఆయన దేశంలో అది హాబీ. ఆ దేశాల గీతలు మన చట్టానికి వర్తించవు. వందేళ్లు దాటిన వస్తువైతే పురావస్తువుల చట్టం కూడా వస్తుంది, కొడుక్కి గిఫ్ట్‌గా లండన్ పంపిస్తాం అంటే కుదరదు.

లైసెన్స్ ఉన్న తుపాకీకి పిన్ రిపేరు చేయించాలనుకుంటే, షాపు గోడకి వేలాడే లైసెన్స్‌లో అమ్మకంతో పాటు రిపేరు అన్న మాట కూడా ఉందేమో చూడండి. మీ లైసెన్స్ కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదులో తుపాకీ రకం, తూటా సైజు, గొట్టం మీద ఉన్న నంబరు, ముద్రలు, ఇచ్చిన తేదీ ఉండాలి. పోలీస్ స్టేషన్‌లో జమ చేసినా ఇదే పద్ధతి. అక్కడ ఇంకో వాక్యం కూడా రాయించుకోండి: ఇచ్చేనాటికి ఫైరింగ్ పిన్ అరిగి ఉందా, విరిగి ఉందా, అసలు లేదా అని.